ఒకే తాడు, నలుగురు మనుషులు

నలుగురు ఆటగాళ్లు ఒకే తాడు పట్టుకుని మైదానంలో అడ్డంగా నిలబడతారు. ఒకరు ముందుకు కదిలితే నలుగురూ కదలాలి, ఒకరు తగ్గితే నలుగురూ తగ్గాలి. 1980ల చివర్లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజర్ జార్జ్ గ్రాహం తన డిఫెండర్లతో ఇలా సాధన చేయించాడని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నలుగురు లీ డిక్సన్, స్టీవ్ బోల్డ్, నైజెల్ వింటర్‌బర్న్, టోనీ ఆడమ్స్. వాళ్లకు పెద్దదిక్కు ఆడమ్స్.

1983 నవంబరులో పదిహేడేళ్ల వయసులో ఆర్సెనల్‌కు తొలి మ్యాచ్ ఆడిన ఆడమ్స్, 2002లో ఆట మానేదాకా మరో క్లబ్బు గడప తొక్కలేదు. 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు. క్లబ్బుకు 669 మ్యాచ్‌లు, ఇంగ్లండ్‌కు 66 మ్యాచ్‌లు ఆడాడు. 1989, 1991, 1998, 2002లలో నాలుగు లీగ్ టైటిళ్లు గెలిపించాడు.

అతని పరుగులో మెరుపు లేదు. ఆ లోటును ముందుచూపుతో పూడ్చుకున్నాడు. ప్రత్యర్థి బంతిని ముందుకు తన్నబోతున్నాడనగా నలుగురూ ఒక్కసారిగా రెండడుగులు ముందుకు వేసేవారు. అంతవరకు వాళ్ల పక్కనే పొంచి ఉన్న స్ట్రైకర్, బంతి కదిలే క్షణానికి వాళ్ల వెనక ఒంటరిగా మిగిలిపోయేవాడు. ఆట నిబంధన ప్రకారం అది ఆఫ్‌సైడ్! ఆడమ్స్ చెయ్యి పైకి లేచేది, ఆ వెంటే లైన్స్‌మన్ జెండా. నలుగురిలో ఏ ఒక్కరు రెప్పపాటు ఆలస్యం చేసినా స్ట్రైకర్‌కు గోల్ దాకా దారి తెరుచుకున్నట్టే. అందుకే ఈ విద్య ఒక్కడి ప్రతిభతో పట్టుబడదు. పక్కవాడి మీద నమ్మకం ఉండాలి.

1990-91 సీజన్‌లో 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ 18, ఓడింది ఒక్కసారే. ఆ సీజన్ మధ్యలోనే ఆడమ్స్ తాగి కారు నడిపిన నేరానికి జైలుకు వెళ్లాడు. మిగతావాళ్లు తాడు వదల్లేదు. బయటికొచ్చాక కెప్టెన్‌గా అతని చోటు అతనికి దక్కింది. 1996లో తాను తాగుడుకు బానిసనని అందరి ముందూ ఒప్పుకుని, మద్యం మానేశాడు. 2000లో వ్యసనాలతో బాధపడే క్రీడాకారుల కోసం స్పోర్టింగ్ ఛాన్స్ అనే సంస్థ స్థాపించాడు. తనను నిలబెట్టిన తాడునే మరొకరికి అందించాడు.

1998 మే 3న ఆర్సెనల్ అప్పటి మైదానం హైబరీలో ఎవర్టన్‌తో ఆడి లీగ్ టైటిల్ ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో చివరి గోల్ ఆడమ్స్‌దే. బంతి అందించింది పక్కన నిలబడి ఏళ్లతరబడి గోల్ కాచిన బోల్డ్. ఆడమ్స్ దాన్ని ఎడమ కాలితో నెట్‌లోకి కొట్టి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. క్లబ్బు ఇప్పటి మైదానం ఎమిరేట్స్ స్టేడియం బయట ఉన్న విగ్రహంలో అతను అలాగే కనిపిస్తాడు.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక్క ఐదు నిమిషాలు బంతిని వదిలేయండి. వెనక నిలబడ్డ నలుగురినే చూడండి. కంటికి కనిపించని తాడు మీకూ కనిపిస్తుంది.