వఱదసాయము – ప్రభుత్వఋణము

వఱద తీసిన పిమ్మట రెండు లెక్కలు వ్రాయవలసి యుండును. ఏమి పోయినదన్న లెక్క యొకటి. ఎందుచేత పోయినదన్న లెక్క మఱియొకటి. మొదటి లెక్కను ఉద్యోగులు వీధివీధి తిరిగి వ్రాయుదురు. అది పత్రికలలో పడును, శాసనసభలో చదువబడును, దానినిబట్టి ధనము విడుదల యగును. రెండవ లెక్కను వ్రాయువారు తక్కువ. వ్రాసినను చదువువారు మఱియు తక్కువ. వీధులలోని బురద యెండుటతోడనే ఆ ప్రశ్నయు మఱపున పడును. ఈ రెండవ లెక్క తేలనంతకాలము మొదటి లెక్క యెంత పెద్దదైనను ప్రభుత్వమునకు కీర్తి కానేరదనియు, వఱదసాయము ప్రభుత్వము చేయు దానము గాక, సకాలమున చేయక విడిచిన పనులకై తీర్చుచున్న ఋణమనియు మేము తలంచుచున్నాము. ఈ యభిప్రాయమును మన తెలుగునాటి యనుభవమును బట్టియే విచారింతము.

2024వ సంవత్సరము ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదులలో కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగి విజయవాడ నగరములో పెద్దభాగమును ముంచినది. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేట కలియు నీ చిన్నయేఱు వేసవిలో చూచువారికి మురుగుకాలువవలె తోచును. దీని వఱదను నగరమునకు రానీయక వెలగలేరు కడనుండి కృష్ణలోనికి పంపుటకు మళ్లింపుకాలువ యొకటి కలదు. ఆ దినములలో ఆ కాలువ పట్టగలదానికంటె మిక్కిలి హెచ్చుగా నీరు వచ్చెను. కాలువ చేరవలసిన కృష్ణయు నిండియుండెను. ప్రకాశము బ్యారేజి మీదుగా సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీరు పోవుచుండెను. పోవుటకు దారి లేని నీరు గట్టును మూడుచోట్ల తెంచుకొని పాతయేటి జాడ పట్టుకొని యూరిమీద పడినది. సింగునగరము, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము మొదలగు పేటలు దినముల తరబడి నీటిలో నుండెను.

విమర్శయనగా దోషములెన్నుట మాత్రమే కాదు. చేసిన మంచిని ముందుగా చెప్పుట న్యాయము. అప్పుడు ప్రభుత్వము ఊరకుండలేదు. పడవలు వచ్చినవి. మేడలమీద చిక్కుకొన్నవారికి డ్రోన్లతో ఆహారపు పొట్లములు చేర్చిరి. తెగిన గండ్లను పూడ్చుటకు సైన్యము దిగినది. ముఖ్యమంత్రి కలెక్టరు కార్యాలయముననే బసచేసి పనులు చూచెను. క్రిందియంతస్తు మునిగిన యింటికి 25,000 రూపాయలు, పైయంతస్తులలోని కుటుంబమునకు 10,000 రూపాయలు చొప్పున ఆ నెలలోనే సాయము ప్రకటింపబడి, మధ్యవర్తుల చేతులలో పడకుండ బ్యాంకుఖాతాలలో జమ చేయబడసాగెను. పూర్వకాలపు వఱదలలో బియ్యపుమూటకై మునసబు కరణముల గుమ్మములకడ నిలిచినవారి సంగతి విన్నవారికి ఇది గొప్ప మార్పుగనే తోచును. దీనిని మేము కాదనము.

అయినను సాయము పంపుట వేఱు, చేరుట వేఱు. నీరు పల్లమునుబట్టి పోవును. సాయము బాటనుబట్టి పోవును. పెద్దవీధి మొగలోనున్న యింటికి పాలప్యాకెట్లు, నీళ్లసీసాలు రెండు మూడు మాఱులు వచ్చినప్పుడు, మెడలోతు నీటిలోనున్న లోపలిసందులవారు చేతులూపి పిలుచుచునే యుండిరి. ఇది యొక యూరి దోషము కాదు. పడవకైనను, బండికైనను సులువుగా పోగల దారియే కనబడును. మిక్కిలి యక్కఱగలవారు సాధారణముగా ఆ దారికి దూరమున నుందురు.

తరువాత జాబితాల సంగతి. మేము పాఠశాలలో పాఠము చెప్పుకొని బ్రదుకువారము. మాయొద్ద చదువుకొన్న పిల్లవాని తల్లి యొకతె ముంపుపేటలో అద్దెయింట నుండి నాలుగిండ్లలో పనిచేయుచుండెను. ఆమె రేషనుకార్డు పుట్టినయూర నున్నది; కరెంటుబిల్లు ఇంటియజమాని పేర నున్నది; ఆధారుకార్డు నీటిలో పోయినది. లెక్క వ్రాయువారు వచ్చిన దినమున ఆమె పిల్లలతో అక్కగారి యింట తల దాచుకొనియుండుటచే తాళము చూచి వెడలిపోయిరి. ఆమె కార్యాలయముచుట్టు తిరిగి తిరిగి తుదకు మాయొద్దకు వచ్చి, “ఏం చెయ్యమంటారు మాస్టారూ? నీళ్లు మా యింట్లోకి వచ్చాయిగాని, కాగితంలోకి మా పేరు రాలేదు” అన్నది. మేము అర్జీ వ్రాసి యిచ్చితిమి. అర్జీ వ్రాసియిచ్చు మాస్టరు లేని యిల్లాలి గతియేమని ఆ దినమెల్ల మాకు తోచుచునే యుండెను. పాత్రను, పరుపును, బియ్యపు డబ్బాను పోగొట్టుకొన్నది ఇంటనున్నవారు, కాగితమెఱుగునది ఇల్లుగలవారిని. సాయపు లెక్క యజమానిని బట్టి గాక నివాసిని బట్టి వ్రాయబడనిచో, బీదలకై పెట్టిన పథకమున బీదలే మిగిలిపోవుదురు.

ఇంతకంటె పెద్దదోషము మఱియొకటి కలదు. అది సాయమును వేడుకగా చేయుట. హైదరాబాదులో 2020 అక్టోబరు వఱదల తరువాత ముంపునకు గుఱియైన కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పున ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించినది. తొలుత నగదు చేతికే యిచ్చిరి. ఎవరికి ముట్టినది, ఎవరికి ముట్టలేదు, నడుమ నెవరు తినిరి అను వివాదములు పుట్టినవి. పిమ్మట మీసేవా కేంద్రములలో దరఖాస్తు లిండనగా, తెల్లవారకమునుపే స్త్రీలు, వృద్ధులు బారులు తీరిరి. ఇంతలో నగరపాలకసంస్థ యెన్నికలు వచ్చినవి. నవంబరులో ఎన్నికలసంఘము ఆ పంపిణీని నిలిపివేయవలసి వచ్చెను. తప్పెవరిదను తగవులోనికి మేము పోము. కాని చదువరులొకటి యోచింపవలయును. ఆ ధనము నియమమునుబట్టి, నిర్ణీతకాలమున, నిర్ణీతక్రమమున ప్రతివానికి రావలసిన హక్కుగా నుండినచో, దానికిని ఎన్నికకును సంబంధమేమి? పాలకుని దయగా నిచ్చినందువలననే అది వోటుతో ముడిపడినది, ముడిపడినందువలననే ఆగిపోయినది. నడుమ నలిగినది బారులోని ముసలమ్మ.

మన పూర్వులు దీనిని దయగా నెంచలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రము వఱదను అగ్నితోను, కఱవుతోను చేర్చి మహాభయములలో నొకటిగా నెన్నినది. వానకాలమున ఏటియొడ్డు గ్రామములవారు మిట్టకు పోవలెననియు, కొయ్యపలకలు, వెదురులు, పడవలు ముందుగా సిద్ధపఱచుకొనవలెననియు, కొట్టుకొనిపోవువానిని చూచి పడవయుండియు పోనివానికి దండనమనియు అది విధించినది. అన్నియు వాన పడకమునుపు చేయవలసిన పనులు, అన్నియు విధులు.

విధిని విధిగా నెఱవేర్చిన యుదాహరణము మన నేలమీదనే కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదిని మూసీనది హైదరాబాదును ముంచి వేలకొలది జనులను బలిగొన్నది. నగరమునకు ఎగువనున్న వందల చెఱువులలో అనేకములు ఒకటివెంట నొకటి తెగి ఆ నీరు ఒక్కపెట్టున నదిలో పడుట అంతటి నాశనమునకు కారణమయ్యెను. అప్పటి ప్రభుత్వమును అన్నము పెట్టినది, ఆశ్రయ మిచ్చినది. అంతటితో నాగియుండినచో నేడు మనమాపేరు తలంచుట కవసరము లేదు. మఱుచటి యేడు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఇది యెందుచేత జరిగెను, మఱల జరుగకుండుట కేమి చేయవలెనని యడిగిరి. వఱదను నగరము దాటించుటకంటె నగరమునకు పైననే పట్టియుంచి మెల్లగా విడుచుట మేలని వారు చెప్పిరి. మూసీమీద ఉస్మానుసాగరము 1920లోను, దాని యుపనది యీసీమీద హిమాయతుసాగరము 1927లోను ముగిసినవి. వఱదనాపుటకు కట్టిన యా జలాశయములే నగరమునకు త్రాగునీటినిచ్చినవి. నాటి అన్నసత్రములలో తిన్నవారు పోయిరి; జలాశయములు నిలిచియున్నవి. రెండవ లెక్క వ్రాయుటయనగా ఇదియే.

ఈ కొలతతో బుడమేటిని కొలుతము. 2005లో నీ యేఱే నగరమును ముంచినది. ఆ యేటి స్వభావమప్పుడే అందఱకును తెలిసినది. తరువాత పందొమ్మిది సంవత్సరములు గడచినవి, ఇరుపక్షములవారును పాలించిరి. అయినను 2024లో మళ్లింపుకాలువ సెకనుకు 15 వేల ఘనపుటడుగుల నీటికి మాత్రమే చాలియుండగా, వచ్చిన వఱద దానికి రెండింతలను మించెను. పాతయేటి గర్భము ఊరిలో నిండ్లతోను, మట్టితోను, చెత్తతోను సన్నగిల్లెను. నీరు తుదకు చేరవలసిన కొల్లేటిలోనో, చేపలచెఱువుల గట్లు అడ్డముపడి 2006లో ప్రభుత్వమే వానిని పడగొట్టవలసివచ్చినది. కొల్లేటినుండి సముద్రమునకు దారి ఉప్పుటేఱొక్కటే. తలనుండి తోకదాక యేటికి చోటు లేకుండ చేసి, అది యింటిలోనికి వచ్చినదని యేడ్చుట యెట్టిది? గండిపడిన పిమ్మట సైన్యము రేయింబవళ్లు శ్రమించి పూడ్చిన గట్టును, ఒక వేసవిలో నెమ్మదిగా, చవుకగా బలపఱుపవచ్చును గదా!

ధనము లేదందురేమో. ధనమున్నది, అది పోవు దారి యెట్టిదో చూడుడు. విపత్తులను గూర్చిన కేంద్రశాసనము 2005లో పుట్టినది. విపత్తు వచ్చినప్పుడు ఖర్చుపెట్టు జాతీయనిధి 2010లో నేర్పడినది. విపత్తు రాకుండ తగ్గించు పనులకైన జాతీయనిధిని అదే శాసనము చెప్పియున్నను, అది 2021వఱకు నేర్పడలేదు. 2021 మొదలు 2026వఱకు రాష్ట్రములకు పదునైదవ ఆర్థికసంఘము సిఫారసుచేసిన విపత్తునిధులలో నూటికి 80 వంతులు వచ్చిన విపత్తునకును, 20 వంతులు నివారణకును కేటాయింపబడినవి. ఆ యిరువది వంతులైనను వేఱుగా నుంచుట కొంత మేలే. కాని యిల్లు కాలినపుడు నాలుగు కుండల నీరును, కాలకుండుటకు ఒక కుండయు నుంచుకొను గృహస్థుని మనము తెలివిగలవాడందుమా?

నివారణ ఫలింపదనువారికి దివిసీమయే సమాధానము. 1977 నవంబరు 19వ తేది తుపానులో ఉప్పెన వచ్చి పదివేలకు పైగా జనులు మరణించిరి. ఆ పిమ్మట తీరమున తుపాను ఆశ్రయగృహములు కట్టిరి. హెచ్చరికలు గ్రామములకు చేరు మార్గము లేర్పఱచిరి. ముందుగా జనులను తరలించుట నేర్చుకొనిరి. 1990 మేలో మఱల భీకరమైన తుపాను ఆ తీరమును కొట్టినప్పుడు ఆస్తినష్టము అపారమైనను, మృతులు వేయికి లోబడియే యుండిరి. ఆ వ్యత్యాసమున నిలిచిన ప్రాణములకు ఏ ప్రభుత్వమును చెక్కు లీయలేదు, ఏ పత్రికయు బొమ్మలు వేయలేదు. బ్రదికినవాని బొమ్మ వార్త కాదు గదా! పనులు చేయించు పాలకునకు మెప్పు తక్కువ, సాయము పంచు పాలకునకు మెప్పెక్కువయగుటకు ఇదియే కారణము. ఈ మెప్పును పంచిపెట్టువారము మనమే.

కావున ప్రభుత్వమునందే తప్పంతయు మోపి మనము చేతులు కడుగుకొనరాదు. కాలువపోరంబోకులో చవుకగా వచ్చిన స్థలమును కొన్నవారిలో చదువుకొన్నవారెందఱు లేరు? చెఱువుశిఖమునందు లేచిన మేడలో, ఎట్లు అనుమతి వచ్చినదని అడుగక గృహప్రవేశము చేసినవారము మనము కామా? ఇంటిచెత్త ప్లాస్టికుసంచిలో కట్టి చీకటిపడగనే కాలువలో వేయు చేయి ఎవరిది? బీదవాడు వేఱుదారి లేక ఏటిగర్భమున గుడిసె వేసికొనును. మనము లాభమునకై వేయుదుము. ఈ రెండును ఒక్కటే తప్పుగా నెంచి గుడిసెలను ముందుగా పడగొట్టి మేడలను విచారణలో నుంచు పద్ధతి కూడ మనకు తెలియనిది కాదు.

చేయవలసినవి మా యల్పబుద్ధికి తోచినవి మూడు. మొదటిది: సాయమెంత, ఎవరికి, ఎన్నిదినములలో అనునది వఱద రాకమునుపే నియమముగా ప్రకటింపబడి యుండవలెను, అద్దెకున్నవారి పేరుతోగూడ జాబితా ఆ పేటబడి గోడమీద అంటింపబడవలెను, పేరు రానివాని మొఱను అక్కడనే వినవలెను. రెండవది: ఏటేట మేనెలలో, తొలకరికి ముందు, ఏ గట్టు బలముగా నున్నది, ఏ తలుపు లేచుచున్నది, ఏ కాలువ పూడికతీయబడినది అను లెక్కను గ్రామసభలలోను వార్డుసభలలోను చదివి వినిపింపవలెను. పరీక్షకు ముందు పిల్లవానిని ప్రశ్నించినట్లు పాలకుని వానకు ముందు ప్రశ్నింపవలెను. మూడవది మన యింటిది: ఇల్లు కొనునప్పుడు తూర్పుముఖమా, ఉత్తరముఖమా యని యడుగుటకు ముందు, నీటిదారి యెక్కడనని యడుగవలెను.

మేము చెప్పిన యిల్లాలికి అర్జీపై కొన్నినెలలకు సాయము ముట్టినది. ఆమె సంతోషించి మా పిల్లలకు అరటిపండ్లు తెచ్చి పెట్టినది. మా కది పుచ్చుకొనుటకు సిగ్గయ్యెను. ఆమెకు రావలసినది ఆమెకు వచ్చినందుకు ఒకరికి పండ్లు తేవలసినంత కృతజ్ఞత మన ప్రజలలో నున్నది. ఆ కృతజ్ఞతను వాడుకొనుట పాలకులకు సులభము. దానికి తగియుండుట కష్టము. ఆమె యిప్పటికిని ఆ యింటనే, ఆ పల్లమునందే యున్నది. ఆకాశము మబ్బుపట్టినప్పుడెల్ల మంచము కాళ్లక్రింద ఇటుకలు పెట్టుకొనుచున్నది. ఆమె యిటుకలను తీసివేయగల దినము వచ్చువఱకు ప్రభుత్వపు ఋణము తీరినట్లు కాదు, మనదియు తీరినట్లు కాదు.