జెడ్ గీతలో సముద్రం

దీవుల మీది అబ్జర్వేటరీల్లో గీసిన మాగ్నెటోగ్రామ్‌ను, అంటే భూమి అయస్కాంత క్షేత్రం మార్పులను చూపే గీతను, పైనుంచి వచ్చిన కబురుగానే చదవడం మనకు అలవాటైపోయింది. సూర్యుడి వైపు నుంచి తాకిడి వచ్చింది, అయనోస్ఫియర్‌లో కరెంట్లు మారాయి, గీత కదిలింది అంటాం. నా దృష్టిలో అది సగం చదువే. అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా ఉప్పునీటిలోనూ కరెంట్లు పుడతాయి. దీవి రాతిలోంచి సులువుగా పోలేక రెండు పక్కల నుంచీ చుట్టి వెళతాయి. అందుకే ఒక ఒడ్డున క్షేత్రం నిలువు భాగం, అంటే జెడ్, పెరుగుతున్న నిమిషంలోనే ఎదుటి ఒడ్డున తగ్గగలదు. 1960ల్లో రోనాల్డ్ మేసన్ పసిఫిక్‌లోని క్రిస్మస్ దీవిలోనూ హవాయిలోని ఓహూలోనూ కొలిచింది ఈ తేడానే. పైనున్న కరెంట్లు వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. చిన్న దీవి రెండు ఒడ్డుల మధ్య అంత మారిపోవు. కాబట్టి ఆ తేడా చుట్టూ ఉన్న నీటిదే.

ఇంత భూగోళం మీద నాలుగు కిలోమీటర్ల నీటికి అంత బలమెక్కడిదని అడగవచ్చు. సముద్రజలం గట్టి రాయికన్నా వందల నుంచి వేల రెట్లు బాగా విద్యుత్తును పోనిస్తుంది. అయితే రోజంతా నెమ్మదిగా సాగే మార్పులు వేడి మ్యాంటిల్ దాకా దిగుతాయి, వాటిలో నీటి వాటా తక్కువ. నిమిషాల నుంచి గంటలోపు మార్పుల్లోనే దాని పెత్తనం. అసలు పదునైన అభ్యంతరం వేరే ఉంది. అడుగున ఉన్న వాహక శిలల పనిని నీటికి అంటగడుతున్నామేమో! పాక్ జలసంధి దగ్గర ఈ అనుమానం సబబే. అయస్కాంత తుఫాను మొదలవగానే తిరువనంతపురంలో జెడ్ అసాధారణంగా ఎగురుతుంది. భారత్, శ్రీలంకల మధ్య కరెంట్లు ఇరుక్కుని పారడమే కారణమన్నారు. కానీ అక్కడి నీటి లోతు చాలాచోట్ల పది మీటర్ల పైచిలుకే. అంత పలచని నీరు చాలదు గనుకే అడుగున మరో వాహకం ఉండాలన్న ఆలోచన వచ్చింది. ఇది నా వాదనకే బలం. సముద్రం లోతు కొలిచి తెలుసుకోగలం కాబట్టి, ముందు నీటి వాటా లెక్కగట్టి తీసేస్తేనే మిగిలినది రాతిదని చెప్పగలం.

అలాంటప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లోలాగా సముద్రానికి దూరంగా ఉన్న నేల మీదే కొలిస్తే పోదా అంటే, భూమి ఉపరితలంలో 70 శాతం పైగా సముద్రమే. అక్కడ ఏళ్ల తరబడి కొలవడానికి దీవులే ఆధారం. పైగా ఆ నీటి వాటా చెత్త కాదు. 2010 ఫిబ్రవరిలో చిలీ సునామీ ఈస్టర్ దీవిని దాటుతుంటే అక్కడి జెడ్‌లో దాదాపు 1 నానోటెస్లా కదలిక నమోదైంది. అది కదిలే నీరు భూమి ప్రధాన క్షేత్రాన్ని కోస్తూ పుట్టించిన సంకేతం. అంత సన్నని కదలికను పట్టాలంటే ఆ ఒడ్డున సముద్రం రోజూ ఎంత కలుపుతుందో ముందే తెలిసి ఉండాలి. అందుకే దీవి అబ్జర్వేటరీకి ఎదుటి ఒడ్డున రెండో మాగ్నెటోమీటర్‌ను కొన్ని నెలలైనా నడిపి, ఆ లెక్కను రికార్డుతో పాటే ప్రచురించాలి.