పచ్చి ఎముక, ఎనిమిది వారాల పథ్యం

కుక్కకు తినే తిండి పడటం లేదేమోనన్న అనుమానం వచ్చినవాళ్ల ముందు ఇవాళ రెండు రకాల రాతలున్నాయి. ఒకటి ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో తెచ్చిన ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’, దాని వెనకే నడిచిన పచ్చి మాంసం ప్రచారం. రెండోది థియరీ ఒలివ్రీ, రాల్ఫ్ ముల్లర్, పాస్కల్ ప్రెలో అనే పశు చర్మవైద్యులు 2015 నుంచి ‘బీఎంసీ వెటర్నరీ రీసెర్చ్’ పత్రికలో వరసగా రాసిన చిన్న వ్యాసాలు. మొదటిది నిండా నమ్మకంతో రాసిన పుస్తకం. రెండోవి ఒక్కో ప్రశ్నను తీసుకుని, దానిమీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను వడగట్టి, తేలింది చెప్పి ఆగిపోయే వ్యాసాలు. ఏడాది పొడవునా పాదాలు నాక్కుంటూ, చెవులు గోక్కుంటూ, రాత్రుళ్లు నిద్రపోని కుక్క ఇంట్లో ఉన్నప్పుడు ఈ రెండింటిలో ఏది ఎంతవరకు ఆదుకుంటుంది?

బిల్లింగ్‌హర్స్ట్ వాదం సూటిగా ఉంటుంది. కుక్క తోడేలు వంశం. పచ్చి మాంసం, ఎముకలు తిని రూపుదిద్దుకున్న శరీరం అది. సంచుల్లో వచ్చే ఎండు తిండి నిన్నమొన్నటిది, రోగాలు అక్కడే మొదలవుతున్నాయి. కాబట్టి తిండిలో సగానికి పైగా మాంసం అంటిన పచ్చి ఎముకలు ఉండాలి. మిగతాది మెత్తగా నూరిన కూరగాయలు, కాలేయం, గుడ్లు. ఈ పద్ధతే ‘బార్ఫ్’ పేరుతో దేశాలు దాటింది. పుస్తకం బలం వాదంలో కంటే గొంతులో ఉంది. కుక్క ఏం తింటోందో పట్టించుకోవాల్సింది కంపెనీ కాదు, ఇంట్లోవాళ్లేనని అది గట్టిగా చెప్పింది. సంచి మీద రాసి ఉన్నది చదివి ఊరుకునే అలవాటును కదిలించింది. ఆ మేలును తేలిగ్గా తీసేయలేం.

కానీ తోడేలు వాదం పూర్తిగా నిలబడదు. 2013లో ఎరిక్ ఆక్సెల్సన్ బృందం ‘నేచర్’లో చూపించిన దాని ప్రకారం పిండిపదార్థాన్ని అరిగించే ఒక ముఖ్యమైన జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంది. మనిషి పక్కన బతకడం మొదలుపెట్టాక కుక్క కడుపు కూడా మారింది. అన్నం, గంజి, సంగటి తిని పెరిగిన మన ఊరి కుక్కలను చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

అసలు చిక్కు దురద దగ్గర వస్తుంది. తిండి పడకపోవడమంటే చాలావరకు అందులోని ఏదో ఒక ప్రోటీన్ మీద శరీరం తిరగబడటం. చికెన్ పడని కుక్కకు ఉడికిన చికెనూ పడదు, పచ్చి చికెనూ పడదు. వేడి కొన్ని ప్రోటీన్ల రూపాన్ని మారుస్తుంది, నిజమే. కానీ పచ్చిగా పెడితే ఆ ప్రోటీన్ శత్రువు కాకుండా పోతుందనడానికి ఆధారం లేదు. మరి పచ్చి తిండికి మారగానే దురద తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. సంచి తిండి మాని పచ్చి మేకమాంసం పెట్టినప్పుడు ఒకేసారి చికెన్ పోయింది, గోధుమ పోయింది, మొక్కజొన్న పోయింది, రుచి కోసం కలిపినవన్నీ పోయాయి. కుక్క నిజంగానే హాయిగా పడుకుంది. ఆ ఘనత మాత్రం ‘పచ్చి’ అన్న మాటకు దక్కింది. అదే ఇంట్లో చికెన్ సెంటర్‌లో చవగ్గా దొరికే మెడలు, కాళ్లు తెచ్చి పెట్టి ఉంటే దురద తగ్గేది కాదు. అలా తగ్గనప్పుడు పచ్చి మాంసం వర్గంలో వినిపించే మాట ఒకటుంది: లోపలి విషం బయటికి పోతోంది, ఓపిక పట్టండి అని. నాకు కోపం తెప్పించేది ఈ మాటే. తగ్గినా సిద్ధాంతం గెలిచినట్టే, తగ్గకపోయినా గెలిచినట్టే అయితే, మధ్యలో గోక్కుంటున్న కుక్క గోడు ఎవరికి పట్టింది?

చర్మవైద్యుల వ్యాసాలు ఇక్కడే వేరుపడతాయి. 2015 నాటి మొదటి వ్యాసం అడిగింది ఒకే ప్రశ్న: కుక్క ఇంతకుముందు తినని తిండి మాత్రమే పెట్టే పథ్యం ఎన్నాళ్లు ఉండాలి? తేలిన జవాబు, తిండి పడని కుక్కల్లో ఎనభై శాతానికి పైగా ఐదు వారాల్లో తేరుకుంటాయి, తొంభై శాతం దాటాలంటే ఎనిమిది వారాలు. పది రోజులు పెట్టి లాభం లేదని వదిలేసేవాళ్లందరూ చదవాల్సిన వ్యాసం అది. అంతకంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. పథ్యంతో దురద తగ్గితే పని అయిపోయినట్టు కాదు. పాత తిండి మళ్లీ పెట్టాలి. దురద తిరిగి వస్తేనే తిండి పడటం లేదని తేలినట్టు. ఈలోగా కాలం మారి ఉండొచ్చు, ఫ్లీ పురుగుల మందు పనిచేసి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ తగ్గి ఉండొచ్చు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన కోస్తాలో ముందుగా అనుమానించాల్సింది ఫ్లీ పురుగులను, గజ్జి పురుగులను. తిండి వంతు ఆ తర్వాతే. రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుందన్న ఆశ కూడా ఈ వ్యాసాలు ఉంచవు: తిండి అలర్జీ విషయంలో ఆ పరీక్షలు నమ్మదగ్గవి కావు.

తేరుకున్న కుక్కకు పాత తిండి మళ్లీ పెట్టమంటే ఎవరికైనా చేయి రాదు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ బిల్లింగ్‌హర్స్ట్ దారి ఆ అడుగు అడగదు కనుకే చదివేవాళ్లకు అంత ఊరటగా ఉంటుంది, చర్మవైద్యుల దారి అడుగుతుంది కనుకే ఎక్కువ మంది మధ్యలో దిగిపోతారు. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడా పచ్చి, ఉడుకు కాదు. తను నమ్మినదాన్ని తిరిగి పరీక్షకు పెట్టే ధైర్యమే తేడా.

అలాగని వ్యాసాలను ఆకాశానికెత్తలేను. 2016 నాటి వ్యాసం తిండి పడని 297 కుక్కల వివరాలు కలిపి, గొడ్డుమాంసం 34 శాతానికి, పాల పదార్థాలు 17 శాతానికి, చికెన్ 15 శాతానికి, గోధుమ 13 శాతానికి పడలేదని చెప్పింది. ఈ పట్టికను మన ఇళ్లకు ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. కుక్కకు పడకుండా పోయేది అది తింటూ వచ్చినదే. గొడ్డుమాంసం వాసనే తెలియని కుక్కలు మన దగ్గర ఎన్నో. పెరుగన్నం, చికెన్, గుడ్డు, చపాతీ, బిస్కెట్లు తిన్న కుక్కలో అనుమానం వాటిమీదికే పోవాలి. మా కుక్కకు పెరుగు చలవ అంటూ ఏళ్ల తరబడి పెట్టే ఇళ్లలో పాల పదార్థాలను ఎవరూ వేలెత్తి చూపరు. పథ్యానికి ఎప్పుడూ తినని మాంసం కావాలి: పంది, బాతు, కుందేలు, చేప, ఏది కొత్తదైతే అది. పంది మాంసం మన పట్టణాల్లో దొరుకుతుంది, చాలామంది ఇంట్లోకి తేనివ్వరు. ఈ బాధ ఆ వ్యాసాల్లో కనిపించదు. చాటుగా బిస్కెట్ పెట్టే నాన్నమ్మ, చికెన్ రుచి కలిపిన పురుగుల మాత్ర, పక్కింటివాళ్లు వేసే ఎముక కూడా కనిపించవు. ఎనిమిది వారాల పథ్యాన్ని చెడగొట్టేవి మాత్రం ఇవే.

పథ్యం కోసం వెట్లు రాసే హైడ్రోలైజ్డ్ తిండి సంగతీ చెప్పాలి. ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విరిచి, శరీరం గుర్తుపట్టకుండా చేస్తారు. మంచి ఉపాయమే, ధర మాత్రం మధ్యతరగతికి భారం. చికెన్ నుంచి తీసినదైతే చికెన్ పడని కొన్ని కుక్కలు దానికీ గోక్కుంటాయి. ఇక దుకాణంలో ‘ఒకే మాంసం’ అని అమ్మే సంచులను నమ్మి పథ్యం చేయడం మరీ ప్రమాదం. 2011లో జింకమాంసం పేరుతో అమ్మే నాలుగు తిండ్లను పరీక్షిస్తే మూడింటిలో సోయా, ఒకదాంట్లో గొడ్డుమాంసం ఆనవాళ్లు బయటపడ్డాయి. కంపెనీల మీద బిల్లింగ్‌హర్స్ట్ చూపిన అనుమానానికి కొంత ఆధారం ఇక్కడ దొరుకుతుంది.

పచ్చి మాంసంతో ఇంకో భయం ఉంది, దాన్ని ఆ పుస్తకం చాలా తేలిగ్గా తీసుకుంది. 2010-12 మధ్య అమెరికా ఎఫ్‌డీఏ 196 పచ్చి పెంపుడు తిండి నమూనాలు పరీక్షిస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా మోనోసైటోజెనీస్ దొరికాయి. కుక్క తట్టుకోవచ్చు. అది మూతి నాకిన పసిపాప, అదే వంటగదిలో తిరిగే గర్భిణి తట్టుకోలేకపోవచ్చు. దురద తగ్గాలంటే కొత్త ప్రోటీన్ చాలు, పచ్చిదనం అక్కర్లేనప్పుడు ఈ ప్రమాదం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? బాగా ఉడికించిన కొత్త మాంసం, దానితోపాటు కుక్క ఇంతకుముందు తినని దుంప ఏదైనా ఒకటి, ఎనిమిది వారాలకు సరిపోతాయి. అయితే ఎదిగే పిల్లకు, లేదా నెలల తరబడి ఇదే పెట్టాలంటే కాల్షియం చాలదు, వెట్‌ను అడిగి సరిచేసుకోవాలి. ఉడికిన ఎముక మాత్రం ఎప్పుడూ వేయకూడదు, పెళుసుగా విరిగి పేగుకు గుచ్చుకుంటుంది. ఆ మాట పచ్చి ఎముకల వాళ్లూ చెబుతారు.

ఎనిమిది వారాలు గడిచి, దురద తగ్గి, పాత తిండితో మళ్లీ వచ్చి, అదే పథ్యంతో మళ్లీ తగ్గాక ఇంట్లో చేయాల్సిన పని మొదలవుతుంది. రోజూ కొంచెం పెరుగు, రెండు వారాలు. పడకపోతే చాలావరకు ఈలోపే తెలిసిపోతుంది. దురద రాకపోతే పెరుగు నిర్దోషి, ఇక గుడ్డు. వస్తే ఆపి, చర్మం చల్లబడేదాకా ఆగి, అప్పుడు గుడ్డు. ఆ తర్వాత గోధుమ, చివరికి చికెన్.