కైసరు దేనారము, కొండాపురము మట్టిబిళ్ళ: ప్రాచీన చరిత్రలో విద్యార్థి పరిశోధనా వ్యాసము

వేదాంత విద్యార్థులు ప్రాచీన చరిత్రపై వ్రాయు పరిశోధనా వ్యాసములలో ఒక లోపము తరచుగా కనబడుచున్నది. అంశము సముద్రమంత, ఆధారము చెంబెడు. 'రోమా సామ్రాజ్యము - ఆదిమ సంఘము' అని శీర్షిక పెట్టి, ఔగుస్తు మొదలు కొన్‌స్టంటైను వరకు ఇరువది పుటలలో పరుగెత్తుదురు. అందులో తప్పులు లేకపోవచ్చును. అయితే ప్రశ్న కూడ లేదు. ప్రశ్న లేనిచోట సమాచార సేకరణ జరుగునేగాని పరిశోధన జరుగదు.

హైదరాబాదులో చదువు విద్యార్థికి ఈ లోపము దిద్దుకొను అవకాశము సమీపముననే యున్నది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రములకు ప్రత్యేక శాఖ గలదు. ప్రక్కనే తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారమున్నది. కాని అక్కడ సాతవాహనుల కాగితములు దొరకునని వెళ్ళువారు నిరాశతో తిరిగి రావలసినదే. ఆ భాండాగారమునకు పేరు తెచ్చినవి షాజహాను, ఔరంగజేబుల కాలపు పారసీక పత్రములు, ఆ తరువాతి నిజాం ప్రభుత్వపు దస్త్రములు. ప్రాచీన చరిత్రకు మూలాధారములు శాసనములు, నాణెములు, తవ్వకపు నివేదికలు. ఏ ప్రశ్నకు ఏ ఆధారము, అది ఎక్కడ అని తెలిసికొనుటయే అంశమును ఎన్నుకొనుటలో మొదటి మెట్టు.

ఒక ఉదాహరణ చూతము. సువార్తలలో పన్ను గూర్చిన సంవాదమున కనబడు దేనారము మనకందరికిని సుపరిచితము. ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి దేనారములు తెలుగు నేలలో కూడ దొరికినవి. పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమా నాణెములపై రచించిన గ్రంథమును రాష్ట్ర ప్రభుత్వము 1965లో ప్రచురించెను. అది పట్టికల గ్రంథము, చదువుటకు రుచించదు. అయినను విద్యార్థికి అట్టి పుస్తకమే మేలు. పెద్ద చరిత్ర గ్రంథము ముగింపును చేతికిచ్చును. పట్టిక వస్తువును చేతికిచ్చి, ముగింపును మనకు విడిచిపెట్టును.

ఇప్పుడు ప్రశ్నలు పుట్టును. తిబెరి క్రీ.శ. 14 నుండి 37 వరకు ఏలెను. అతని నాణెము దొరికినందున ఆ సంవత్సరములలోనే అది ఇక్కడికి వచ్చెనని చెప్పవచ్చునా? చెప్పరాదు. ముద్రించిన కాలము వేరు, పాతిపెట్టిన కాలము వేరు. క్రీ.శ. 64లో నీరో దేనారములోని వెండిని తగ్గించెను. అటుపిమ్మట పాత మంచి వెండి నాణెములనే వర్తకులు ఏరి దూరదేశములకు పంపియుండవచ్చును. కనుక అది ఏ కాలమునకు ముందు రాలేదో నాణెము చెప్పునేగాని, ఎప్పుడు వచ్చెనో చెప్పదు.

రెండవ ప్రశ్న ఇంకను లోతైనది. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురములో గులాం యాజ్దానీ ఆధ్వర్యమున 1940 నుండి 1942 వరకు తవ్వకములు జరిగెను. నగరములోని కొండాపూర్ వేరు, ఇది వేరు. ఇక్కడ సాతవాహన నాణెములతోపాటు రోమా నాణెములను అనుకరించిన మట్టిబిళ్ళలు కూడ దొరికినవి. వాటిని ఆభరణములుగా ధరించియుందురని పండితులు తలంచుదురు. యెరూషలేములో కైసరు ముఖము పన్నును, పరాధీనతను, దేవుని సొత్తు ఏది కైసరు సొత్తు ఏది అను సంకటమును గుర్తుచేసెను. కొండాపురములో ఆ నమూనా మెడలోని అలంకారమాయెను. అధికారము చేరని చోట అధికారి ముఖమునకు అర్థమేమి? వ్యాసమునకు ఈ ఒక్క ప్రశ్న చాలును.

ఇచ్చట ఒక ప్రమాదము గలదు. రోమా నాణెములు దొరికెను గనుక అపొస్తలుడైన తోమా తెలుగు దేశమునకు వచ్చెనని వ్రాయవలెనను ఆశ కలుగును. నాణెములు వర్తకమునకు సాక్షులు, సువార్త ప్రకటనకు కావు. తోమా గూర్చిన సంప్రదాయము కేరళ, మైలాపూరులతో ముడిపడియున్నది. దాని విలువను ఇతర ఆధారములతో తూచవలెను. విద్యార్థి వ్యాసములోని ఊహ నాలుగేండ్లకు కాపరి ప్రసంగములో వాస్తవమగును. సంఘము దానిని నమ్మును, పిల్లలకు నేర్పును. ఒకనాడు ఆ సంఘములోని కళాశాల విద్యార్థి అది నిరాధారమని కనుగొన్నయెడల, దానితోపాటు కాపరి చెప్పిన తక్కిన మాటలను కూడ సందేహించును. తప్పుడు సాక్ష్యము సత్యమునకు మేలుగా పలికినను తప్పుడు సాక్ష్యమే.

కాబట్టి మేము సూచించు క్రమమిది. ముందు వస్తువును చూడుడి, వీలైనచో పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళుడి. ప్రశ్నను ఒక్క వాక్యములో వ్రాయుడి. వ్రాయలేనియెడల అంశము ఇంకను పెద్దదని గ్రహించుడి. ఆధారము చెప్పునది, పండితులు ఊహించునది, మీరు తలంచునది వేరువేరు వాక్యములలో నుంచుడి. 'బహుశా' అను మాట వ్రాయుటకు సిగ్గుపడకుడి. ఆ మాట ఉండవలసినచోట ఉన్న పది పుటల వ్యాసము, అది లేని వంద పుటల కంటె సంఘమునకు ఎక్కువ మేలు చేయును.