ఓడిపోయే పని: ఒక అమెరికా కుస్తీని మాదిగ గేరి నుంచి చూస్తే

1

దళిత అధ్యయనాల పత్రికలో కుస్తీ గురించి వ్యాసమేంది అని అడిగేవాళ్లు ఉంటారు. అదీ నిజం కుస్తీ కాదు, ఎవరు గెలవాలో ముందే రాసుకుని ఆడే అమెరికా కుస్తీ. మన సాహిత్య విమర్శకులకు కావ్యం కావాలి, నవల కావాలి, కనీసం కథన్నా కావాలి. మా గేరి పిల్లలు నాయకుడు, ప్రతినాయకుడు అనే మాటలు పుస్తకంలో చదవకముందే వాళ్లిద్దర్నీ చూసింది మాత్రం ఈ కుస్తీలోనే. 2002లో టెన్ స్పోర్ట్స్ చానల్ మొదలైనాక, ఊర్లో కేబుల్ ఉన్న ఇండ్ల కిటికీల కాడ నిలబడి చూసేవాళ్లం. లోపలికి రమ్మనేవాళ్లు కాదు. కిటికీలో నుంచి కనబడినంతే మా కుస్తీ.

చూసినాక ఆడాల గదా. మాది కర్నూలు జిల్లా పడమటి మెట్ట. ఏడాదిలో ఎక్కువ నెలలు వంకలో నీళ్లుండవు, మెత్తటి ఇసక ఉంటుంది. అదే మా రింగు. అట్టముక్కకు సిగరెట్టు పెట్టెల బంగారు కాగితం అంటించి బెల్టు చేసినోడు ఊరి రెడ్డిగారి పిల్లోడు. బెల్టు వానిది కాబట్టి ఎవరు ఎవరితో పడాలో, ఎవరు ఓడాలో వాడే చెప్పేవాడు. నేను ప్రతిసారీ విలన్ని. నల్లగా, పొడుగ్గా ఉంటానని.

ఒక దినం నేను ఓడలేదు. వాన్ని ఇసకలో అదిమి పట్టి మూడు లెక్కపెట్టించినా. పిల్లోళ్లంతా అరిచినారు. ఆ పొద్దు మాపటికి వాళ్ల నాయన మా ఇంటి ముందుకు వచ్చినాడు. కొట్టలేదు, తిట్టలేదు. "మీవోనికి కొంచెం చెప్పు" అని మా నాయనతో అన్నాడు, అంతే. అది శెనక్కాయ పీకే కాలం. మా అమ్మా నాయనా వాళ్ల చేన్లోకే కూలికి పోతున్నారు. నాయన నా పక్కన కూర్చుని "ఆటే గదరా, ఓడిపో. నీదేం పోతాది" అన్నాడు. నాదేం పోతుందో అప్పుడు చెప్పడం నాకు రాలేదు. ఈ వ్యాసం ఆ మాటకు జవాబు.

2

అమెరికా కుస్తీలో క్లాసిక్ అని వాళ్లు చెప్పుకునే ఒక పోటీని ఈ మధ్య వీడియోలో మళ్లీ మళ్లీ చూసినా. 1984 జనవరి 23, న్యూయార్క్, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఒక పక్క హల్క్ హోగన్, ఇంకో పక్క ఐరన్ షేక్. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ప్రపంచ చాంపియన్ బెల్టు షేక్ దగ్గర ఉంది. పోటీ ఆరు నిమిషాలు కూడా లేదు. షేక్ తన క్యామెల్ క్లచ్ పట్టు వేస్తాడు. బోర్లా పడినవాని వీపు మీద కూర్చుని, గడ్డం కింద రెండు చేతులు వేసి తల వెనక్కి విరిచే పట్టు అది. దాంట్లో చిక్కినవాడు బయటపడలేడని పేరు. హోగన్ షేక్‌ను వీపు మీద మోసుకునే లేచి నిలబడి, వెనక్కి పోయి మూల స్తంభానికేసి గుద్దుతాడు. కిందపడ్డ షేక్ మీద కాలు చాపి పడతాడు. మూడు లెక్క. హాలంతా ఊగిపోతుంది. 'హల్కమేనియా' అనే వ్యాపారం అమెరికా అంతా పాకింది ఆ రాత్రి నుంచే.

ఎవరీ షేక్? ఇరాన్‌లో దామ్‌ఘాన్‌లో పుట్టిన హుస్సేన్ ఖుస్రో అలీ వజీరీ. అమెరికాకు వచ్చి 1971లో అక్కడి అమెచ్యూర్ కుస్తీలో జాతీయ విజేత అయినాడు. 1972 ఒలింపిక్స్‌కు అమెరికా జట్టు తయారీలో సహాయ శిక్షకునిగా పనిచేసినాడు. అంటే నిజం కుస్తీ తెలిసినవాడు. హోగన్ అంతకుముందు రాక్ బ్యాండుల్లో గిటారు వాయించినవాడు. అతని దగ్గర ఉన్నది దేహం, పసుపుపచ్చ జుట్టు, మాట. ఇద్దర్నీ నిజంగా పట్టుకు దింపితే ఏమవుతుందో కుస్తీ తెలిసినోళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా నేర్పు ఉన్నవాడు విలన్, దేహం ఉన్నవాడు హీరో.

షేక్‌కు గుండు, మీసం, ముక్కు పైకి తిరిగిన బూట్లు, చేతిలో ఇరాన్ జెండా. 1979 నవంబరులో తెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినారు. 52 మంది 444 దినాలు బందీలుగా ఉన్నారు. ఆ కోపమంతా ఈ ఒక్క మనిషి మీద కుమ్మరించడానికి జనం టికెట్టు కొన్నారు. పుట్టిన చోటు ముఖం మీద రాసినాక నేర్పును ఎవరు చూస్తారు? 1990 మండల్ రోజుల నుంచీ మెరిట్, మెరిట్ అని మనకు పాఠం చెప్పేవాళ్లు ఈ ఆరు నిమిషాలు చూడాల.

ఇంకో సంగతి. ఆ బెల్టు షేక్ దగ్గర ఉన్నది నాలుగు వారాలే. 1983 డిసెంబరు 26న బాబ్ బ్యాక్‌లండ్ నుంచి వచ్చింది. బ్యాక్‌లండ్ 1978 నుంచి చాంపియన్, జనం మెచ్చిన తెల్ల హీరో. ఓడిన రాత్రి కూడా ఆయన నోటితో లొంగలేదు. మేనేజరు తువాలు విసిరి పోటీ ఆపినాడు, హీరో పరువు దక్కింది. కొత్త హీరో పాత హీరోను నేరుగా ఓడిస్తే జనం రెండుగా చీలిపోతారు. అందుకని మధ్యలో ఒక విలన్ చేతికి బెల్టు ఇచ్చి, నెల తిరక్కుండా లాక్కుంటారు. ఆ వ్యాపారంలో దీనికి 'ట్రాన్సిషనల్ చాంపియన్' అని పేరే ఉంది.

మనకిది కొత్తా? 1994 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మా దిక్కు ఎస్సీలకు రిజర్వు అయిన సర్పంచ్ కుర్చీల్లో చానా వాటి కథ ఇదే. సంతకం గేరి మనిషిది, పెత్తనం ఊరి పెద్దది. రిజర్వేషన్ మారితే కుర్చీ తన 'సొంతదారు' దగ్గరికి పోతుంది. బెల్టు మోసిన పేరు మాత్రం మనకు మిగులుతుంది.

3

ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ 1957లో వచ్చిన తన 'మిథాలజీస్' పుస్తకాన్ని కుస్తీ వ్యాసంతోనే మొదలుపెట్టినాడు. పోటీ ముందే రాసుకున్నదా కాదా అన్నది ప్రేక్షకునికి పట్టదనీ, వానికి కావలసింది న్యాయం కండ్లకు కనబడడమనీ అతని వాదన. అమెరికా కుస్తీలో చెడ్డవాణ్ని కమ్యూనిస్టుగా చూపిస్తారని కూడా గుర్తించినాడు. మంచి వ్యాసమే. కాని బార్త్ కూర్చున్నది ప్రేక్షకుల్లో. చెడ్డవాని వేషం ఎవరికి, ఎందుకు పోతుంది? ఇంటికి పోయినాక ఆ వేషం ఒంటి మీద నుంచి దిగుతుందా? ఈ ప్రశ్నలు ఆ కుర్చీలో నుంచి కనబడవు.

1991 గల్ఫ్ యుద్ధం నాటికి అదే ఇరాన్ మనిషికి 'కల్నల్ ముస్తఫా' అని పేరు పెట్టి ఇరాక్ వానిగా నిలబెట్టినారు. 1980 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ ఒకదానితో ఒకటి యుద్ధం చేసిన దేశాలు. కంపెనీకి ఆ తేడాతో పనిలేదు. 'వాళ్లంతా ఒకటే' అనే ఈ చూపు మనకు బాగా తెలుసు. ఊరి అరుగు మీద నుంచి చూస్తే మాల ఏంది, మాదిగ ఏంది, అందరూ 'ఆ పక్కోళ్లే'.

4

ఇది అమెరికా జబ్బు అనుకుంటే పొరపాటు. మన పల్లెల్లో రాత్రంతా ఆడే కురుక్షేత్రం నాటకం తీసుకోండి. భారతంలో చివరి పోటీ భీమునికీ దుర్యోధనునికీ గదాయుద్ధం. రాజ్యమే బెల్టు. బలం భీమునిది, నేర్పు మాత్రం దుర్యోధనునిది, ధర్మంగా పోరాడితే గెలవడు అని కృష్ణుడే అర్జునునితో ఒప్పుకుంటాడు. అర్జునుడు తొడ చరిచి సైగ చేస్తాడు. నాభి కింద కొట్టకూడదనే నియమం తప్పి భీముడు తొడలు విరగ్గొడతాడు. గురువు బలరాముడు కోపంతో నాగలి ఎత్తితే కృష్ణుడు సర్దిచెప్తాడు. హీరో నియమం తప్పితే అది ధర్మం, విలన్ తప్పితే మోసం. హోగన్ కూడా షేక్ ఇంకా అంగీ విప్పకముందే మీద పడి మొదలుపెట్టినాడు. తప్పు అన్నవాడు లేడు.

1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో ఎన్.టి. రామారావు దుర్యోధనుణ్ని దాదాపు నాయకుణ్ని చేసినాడు. కర్ణుని కులం అడిగిన సభలో దుర్యోధనుడు అడ్డం తిరిగే ఘట్టం, దానికి కొండవీటి వెంకటకవి రాసిన మాటలు మా అబ్బకు (తాతకు) నోటికొచ్చు. సంతకం పెట్టడం రాని మనిషి. ఆ మాటలకు మా గేరి ఎందుకు చప్పట్లు కొట్టిందో అర్థం చేసుకోలేని విమర్శ మనకు పనికిరాదు. కాని ఇంకొకటీ గమనించండి. ఆ సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ రామారావే. తీసిందీ, దర్శకత్వం చేసిందీ ఆయనే. కులాన్ని నిలదీసే గొంతు, ఆ గొంతును చివరకు ఓడించే ఎత్తు ఒకే మనిషివి. హీరో, విలన్, ప్రమోటరు ముగ్గురూ ఒకే ఇంటోళ్లైనప్పుడు పోటీ దేని గురించి?

ఈ ప్రశ్న మా సీమ పేరు మీద తీసిన ఫ్యాక్షన్ సినిమాలకు ఇంకా బాగా అతుకుతుంది. 'సమరసింహారెడ్డి' (1999)లో హీరో సమరసింహారెడ్డి, విలన్ వీరరాఘవరెడ్డి. 'ఇంద్ర' (2002)లో హీరో ఇంద్రసేనారెడ్డి, విలన్ వీరశంకర్‌రెడ్డి. ఎవరు గెలిచినా బెల్టు కులం దాటదు. గాలిలోకి లేచే సుమోల్లో నుంచి పడేవాళ్లకు, వేటకొడవలికి అడ్డం పోయేవాళ్లకు పేర్లుండవు. అమెరికా కుస్తీలో ఓడడానికే పిలిపించేవాణ్ని 'జాబర్' అంటారు. వానికన్నా ఒక పేరుంటుంది, కూలి ఇస్తారు. మా దిక్కు నిజం ఫ్యాక్షన్‌లో కూడా దెబ్బలు తినేదీ, జైలుకు పోయేదీ నాయకుల కంటే వాళ్ల వెంట తిరిగిన పేదోళ్లే. తెర మీద తొడగొట్టే పౌరుషంలో వాళ్ల లెక్క లేదు.

5

ఇక అసలు మాట. ఓడిపోవడం అంటే చేతగానితనం అనుకుంటాం. ఈ కుస్తీలో ఓడిపోవడం ఒక పని, నేర్చుకుంటేనే వచ్చే పని. ఎత్తి పడేస్తే వీపు పరిచి పడాల. తగలని దెబ్బ తగిలినట్టు మొహం పెట్టాల. తన మెడా, ఎదుటివాని కాలూ విరగకుండా చూసుకోవాల. హోగన్ అంత బలవంతునిగా కనబడినాడంటే అందులో సగం బలం షేక్ తయారుచేసి ఇచ్చిందే. హోగన్ కాలు విరగ్గొడితే లక్ష డాలర్లు ఇస్తానని తన పాత ప్రమోటరు చెప్పినాడని షేక్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. విరగ్గొట్టే విద్య అతనికి ఉంది. విరగ్గొట్టలేదు. అంటే ఆ రాత్రి పోటీ నిలబడింది హోగన్ బలం మీద కాదు, షేక్ ఒప్పుకోలు మీద.

మా డప్పు మోగకుండా ఊరి దేవర కదలదు. దేవర గుడి చేరినాక డప్పు కొట్టినవాడు బయటనే నిలబడతాడు. పని ఎవరిది, పేరు ఎవరిది అన్న లెక్క రెండుచోట్లా ఒకటే.

అయితే హీరో వేషం మనకిస్తే సరిపోతుందా? 1992 ఆగస్టు 2న బాల్టిమోర్‌లో రాన్ సిమన్స్ వేడర్‌ను ఓడించి డబ్ల్యూసీడబ్ల్యూ ప్రపంచ చాంపియన్ అయినాడు. ఆ బెల్టు కట్టిన మొదటి నల్లవాడు అతనే. ఆ పోటీ ఆడాల్సింది స్టింగ్ అనే తెల్ల హీరో. అతనికి దెబ్బ తగిలిందని కథ నడిపి, చీటీ తీస్తే సిమన్స్ పేరు వచ్చిందన్నారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద పేరున్న ఆటగానికి కూడా అవకాశం అదృష్టం కొద్దీ దొరికినట్టు రాసినారు. డిసెంబరు 30 నాటికి బెల్టు వేడర్‌కే పోయింది. ఆ ఆగస్టు రాత్రి నల్లవాళ్ల ఇండ్లలో పుట్టిన సంతోషాన్ని నేను తక్కువ చేయను. మనవాడు గెలిస్తే ఎట్లుంటుందో ఇసకలో మూడు లెక్కపెట్టించినవానికి తెలుసు. కాని బెల్టు చేతులు మారిందే గాని, రాసే చేయి మారలేదు.

హీరో ఎన్ని తప్పులు చేసినా తిరిగి రావచ్చు. 2015లో హోగన్ నల్లవాళ్లను తిట్టిన జాతి దూషణలు బయటపడితే కంపెనీ అతన్ని తీసేసింది. 2018లో మళ్లీ గౌరవ జాబితాలోకి తెచ్చుకుంది. షేక్ 2023 జూన్‌లో, హోగన్ 2025 జూలైలో పోయినారు.

మా నాయన మాటకు వస్తా. ఆయన అన్నది తప్పని నేను అనను. ఆ దినం ఆయన కాపాడుకున్నది మా ఇంటి కూలి. కాని నాయనా, పోయింది ఆట కాదు. షేక్‌ను పిలిచి, కూలి మాట్లాడి, ఓడతావా అని అడిగినారు. నన్ను ఎవరూ అడగలేదు. నిన్ను కూడా అడగలేదు. నా ఓటమి నేను పుట్టకముందే మాట్లాడుకున్నారు. అదీ నాది పోయింది.

దళిత విమర్శ చేయాల్సిన పని ఇక్కడుంది. కావ్యంలో గాని, సినిమాలో గాని, ఊరి పంచాయతీలో గాని ఎవరు గెలిచినారని అడిగి ఊరుకోకూడదు. ఎవరు ఓడాలని ఎవరు రాసినారు, ఓడినవాణ్ని అడిగినారా, వాని పనికి ఏమిచ్చినారు అని అడగాల. అట్టముక్క బెల్టు చేసిన పిల్లోని మీద నాకు కోపం లేదు. బెల్టు చేసినోడే ఓడేవాణ్ని కూడా ఎంచుకుంటాడు అనే నియమం మీదనే మన పోట్లాట.