ఆకురాయి పట్టిన చేయి: పీఠిక

నాలుగేళ్ల కిందట ఒక శ్రావణ మధ్యాహ్నం, ఈ గ్రంథకర్త మా వసారాలో పడకకుర్చీ పక్కనే చాప మీద కూర్చుని, కాగితాల కట్ట విప్పకుండానే, "మాస్టారూ, జర్మన్‌లో ష్లోసర్ అంటారే, వాణ్ణి మనం ఏమనాలి?" అని అడిగాడు. ష్లోస్ అనే ఆ భాషాపదానికి తాళమనీ దుర్గమనీ రెండర్థాలుండటం శ్లేషప్రియుడనైన నాకు వినోదం కలిగించింది గాని, అతనికి వలసినది ఒక మనిషి చేతిపనికి సరియైన పేరు. కమ్మరి అందామంటే, కొలిమి ఎదుట ఎర్రగా కాగిన ఇనుమును సాగగొట్టేవాడు కళ్ల ముందు నిలుస్తాడు. ష్లోసరో, చల్లారిన లోహాన్ని బిగింపులో పట్టి, ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున అరగదీసి, ముక్కకు ముక్క కుదిరే దాకా వదలనివాడు. గుమ్మంలో నిలబడి వింటున్న మా మనుమడు, ఐ.టి.ఐ.లో చదివినవాడు, "ఫిట్టరంటే సరిపోదూ తాతయ్యా?" అన్నాడు. సరిపోయింది.

ఆ ఫిట్టరు పేరు ఆంటన్ ఎర్కెలెంట్స్. రైన్ నదికి పడమట, డ్యుసెల్డార్ఫ్ నగరానికి ఎదురుగా ఉన్న నోయిస్ పట్టణంలో 1878 అక్టోబరు 10న జన్మించి, ప్రాథమిక పాఠశాలతోనే చదువు చాలించి, లోహపు పనిలో శిక్షణ పొంది, మాక్స్ హిర్ష్, ఫ్రాంట్స్ డుంకర్ అనే ఇద్దరు ఉదారవాదులు ఇంగ్లండు కార్మికసంఘాలను ఆదర్శంగా పెట్టుకుని 1868లో నెలకొల్పిన సంఘాలలో ప్రవేశించి, ఆ సంఘాల పక్షాన డ్యుసెల్డార్ఫ్‌లో కార్మిక కార్యదర్శిగా కుదురుకున్నాడు. ఈ ఉద్యోగాన్ని పాఠకులు తేలికగా తీసుకోరాదు. 1883లో రోగబీమా, 1884లో ప్రమాదబీమా, 1889లో వృద్ధాప్య, అశక్తతాబీమా చట్టాలై వచ్చిన దేశంలో, వేలు తెగిన కూలివానికి చట్టంలో ఏ హక్కున్నదో విప్పి చెప్పి, అర్జీ రాసిపెట్టే మనిషే కార్మిక కార్యదర్శి. ఎర్కెలెంట్స్‌కు రాజనీతిశాస్త్రంలో అక్షరాభ్యాసం జరిగినది ఆ బల్ల దగ్గరే అని గ్రంథకర్త ప్రతిపాదన. అది నాకూ సమ్మతమే.

రైన్‌లాండులో నాడు కాథలిక్ భక్తుడు సెంటర్ పార్టీ వెంట, కర్మాగారపు కార్మికుడు సోషల్ డెమొక్రాట్ల వెంట నడవటం ఆనవాయితీ. పుట్టుకతో కాథలిక్కు, వృత్తిచేత కార్మికుడు అయివుండి ఉదారవాదిగా నిలిచిన ఈయన ఇరుపక్షాలకూ వింతగానే తోచి ఉంటాడు. ఉదారవాద నాయకుడు ఫ్రీడ్రిఖ్ నౌమన్ సాహచర్యంలో ఆ వింతకొక సిద్ధాంతరూపం లభించింది. 1918 నవంబరులో జర్మన్ డెమొక్రటిక్ పార్టీ అవతరించి, మరి రెండు నెలలకే జరిగిన ఎన్నికలలో 18.5 శాతం వోట్లు, 75 స్థానాలు సాధించినప్పుడు, వైమార్ రాజ్యాంగసభలో ఆసీనులైనవారిలో ఎర్కెలెంట్స్ ఒకడు. తరువాతి పదేళ్లు జర్మన్ పార్లమెంటైన రైష్‌స్టాగ్‌లో సభ్యత్వం, పార్టీ కార్యవర్గ అధ్యక్షత, నౌమన్ స్థాపించిన 'డీ హిల్ఫె' పత్రిక సంపాదకత్వం: వీటి వివరం గ్రంథంలో పుష్కలంగా ఉన్నది, నేను పునరుక్తి చేయను.

నా మనస్సు నిలిచినది 1930 దగ్గర. 1928 నాటికే అయిదు శాతానికి దిగువకు జారిన ఆ పార్టీ, ప్రాణం నిలుపుకోవాలనే ఆత్రంలో, యూదులకు సభ్యత్వమివ్వని యంగ్ జర్మన్ ఆర్డర్ అనే సంస్థతో చేతులు కలిపి, స్టేట్ పార్టీగా పేరు మార్చుకున్నది. వైమార్ రాజ్యాంగపు ముసాయిదా రచించిన హ్యూగో ప్రాయిస్ ఆ పార్టీవాడే, యూదుడే. ఆయన గతించి అప్పటికి అయిదేళ్లు. ఎర్కెలెంట్స్ బయటకు నడిచి సోషల్ డెమొక్రాట్లలో చేరాడు. ఫిరాయింపు అనే మాట వినీ వినీ చెవులు దిబ్బళ్లు పడిన తెలుగు పాఠకుడు ఈ ప్రకరణాన్ని నింపాదిగా చదవవలెనని నా మనవి. ఆ చేరికవలన ఆయనకు మంత్రిపదవి దక్కలేదు, రైష్‌స్టాగ్ స్థానమూ మిగలలేదు. చేరిన పార్టీని మూడేళ్లు తిరగకుండానే నాజీలు నిషేధించారు. సోవియట్ సేనలు బెర్లిన్‌లో ప్రవేశిస్తున్న 1945 ఏప్రిల్‌లో, ఆ నగరంలోనే ఆయన కన్నుమూశాడు.

గ్రంథకర్త శ్రమకు నేను సాక్షిని. పగలు ఉద్యోగం, రాత్రి జర్మన్ వ్యాకరణం. ఒక్క వాక్యం చివరన వేలాడే క్రియ కోసం తెల్లవారుజామున నాకు ఫోన్ చేసిన రోజులున్నవి. లోపం ఒకటి చెప్పక తప్పదు: అమెరికా పర్యటించి ఎర్కెలెంట్స్ 1925లో వెలువరించిన గ్రంథానికి ఇందులో రెండే పుటలు దక్కినవి. అధిక వేతనం, అధికోత్పత్తి అనే జంటను ఒక జర్మన్ కార్మికనాయకుడు ఏ కంట చూశాడో తెలుసుకోవాలనే కుతూహలం నాకు తీరలేదు. మలిముద్రణలో తీరుస్తానని మాట ఇచ్చాడు, ఇచ్చిన మాట తప్పే రకం కాదు.

ప్రూఫులు దిద్దిన మిత్రుడెవరో, గౌరవార్థం కాబోలు, మొదటి ప్రకరణం పొడుగునా 'ఫిట్టరు'ను 'లోహశిల్పి'గా మార్చి పంపాడు. పదిహేడు చోట్ల కొట్టివేసి, ఫిట్టరు అని మళ్లీ నా చేత్తోనే రాశాను.