అమ్మకి చీరలు

బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంటికి విజయనగరం నుంచి పార్సిల్ వచ్చింది. కోర్బా రైల్లో వచ్చే తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపింది మా అప్ప, అంటే అక్క. లోపల రెండు చీరలు, పైన ఓ చీటీ: ‘అమ్మకి చీరలు’. మా అన్నయ్య కొడుక్కి పదకొండేళ్లు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు గానీ చెవి మాత్రం హిందీది. చీటీ చూసి, “బాబాయ్, అమ్మ చీరలు అక్కడెప్పుడు మర్చిపోయింది?” అన్నాడు.

తప్పు చదవలేదు వాడు. ఉన్న అక్షరాలే చదివాడు. ‘కి’ దగ్గర తెలుగు వదిలేసి హిందీ బండెక్కాడు, అంతే. ‘అమ్మా కీ సాడియాఁ’ అంటే అమ్మవి. మనకేమో అమ్మ కోసం. (అప్ప అమ్మ అంటే మా అమ్మ, వాడి అమ్మ అంటే మా వదిన. అది వేరే చిక్కు.)

ఇందులో ఉత్తరాంధ్ర వాటా కూడా ఉంది. హరికి, రాముడికి అని ఇకారం తర్వాత ‘కి’, మిగతాచోట్ల ‘కు’ అనేది పుస్తకం మాట. అలా రాస్తే ‘అమ్మకు’ అనాలి. మా వైపు అంత పట్టింపు లేదు, అమ్మకి, నాన్నకి, ఊళ్లోవాళ్లకి అనేస్తాం. మా అప్ప గుంటూరు కోడలై ‘అమ్మకు’ అని రాసుంటే పిల్లాడు తడబడేవాడే కాదు. పైగా సాడీ హిందీలో స్త్రీలింగం కాబట్టి ‘కీ’ అతికింది. కుర్తా పంపుంటే వాడి చెవికి ‘కా’ కావలసివచ్చేది.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ దారి వెంట వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమయ్యేసరికి మా ఇంట్లో మూడో తరం ఉద్యోగంలో ఉంది. క్వార్టర్లు ఖాళీ చేసి అర్పా నది అవతల సొంతిల్లు కట్టుకున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కూరల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ.

ఆ బండి దగ్గర వినాలి అసలు. “మోలా ఆధా కిలో పతాల్ దే,” అంటుంది పక్కింటావిడ. పతాల్ అంటే టమాటా. పాతాళంతో దానికి పనేమీ లేదు, ధర పెరిగినప్పుడు తప్ప. ‘మోలా’ అంటే నాకు. ‘లయికా మన్ లా’ అంటే పిల్లలకు. మన ‘లా’ పోలిక చెబుతుంది: పిల్లాడిలా, పువ్వులా. ఇక్కడి ‘లా’ మన ‘కు’ చేసే పని చేస్తుంది, ఒక్కోసారి ‘ని’ చేసే పని కూడా. నాగపూర్ వెళ్తే మరాఠీలోనూ ‘మలా’ అంటే నాకే. కానీ అక్కడే ‘గేలా’ అంటే వెళ్లాడు, ‘ఆలా’ అంటే వచ్చాడు. ఒకే భాషలో ఒకే ‘లా’, నామం పక్కన విభక్తి, క్రియ చివర భూతకాలం. మరాఠీవాళ్లెవరూ దానికి తికమకపడగా నేను చూడలేదు.

‘లయికా మన్ లా’లో ‘మన్’ బహువచనం. ఊరంతా ‘మన్, మన్’ అంటుంటే కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు ఎంత దగ్గరితనమో అనిపిస్తుంది. వాళ్లంటున్నది ‘మన’ కాదు, మన ‘లు’. ఈ భాషకి హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లోనే వ్యాకరణం రాశాడు. భాషావేత్త గ్రియర్సన్ దాన్ని ఇంగ్లీషు చేసి 1890లో వెలువరించాడు. అధికార భాష హోదా రావడానికి మాత్రం 2007 దాకా ఆగాల్సొచ్చింది.

మా రైలు దారిలోనే ఇటు ఖరగ్‌పూర్ దాకా ‘రాధకే’ అన్న మాటను తీసుకెళ్లి చూడండి. తెలుగులో రాధకి మాత్రమే అని. బిలాస్‌పూర్‌లో ‘రాధా కే’ అంటే రాధ యొక్క. బెంగాలీలో ‘రాధాకే’ అంటే రాధకి, లేదా రాధని. రైలు దిగిన చోటునిబట్టి రాధ చేతిలో వస్తువు మారిపోతుంటుంది. ఒడియావాళ్లది ‘కు’, అచ్చం మనదిలాగే.

ఈ పోలికలు కాల్డ్‌వెల్‌ని ఊరుకోనివ్వలేదు. 1856లో అచ్చయిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఆయన తమిళ, తెలుగు ‘కు’నీ హిందీ ‘కో’నీ పక్కపక్కన పెట్టి, ఉత్తరాది ప్రత్యయం దక్షిణాది చుట్టమే కావచ్చన్నాడు. మరో భాషావేత్త బీమ్స్ ఒప్పుకోలేదు. ‘కో’ని సంస్కృత ‘కక్ష’ దగ్గరికి లాక్కెళ్లాడు. కక్ష అంటే చంక, పక్క. పక్కన అన్నది అరిగి అరిగి ‘కో’ అయిందని ఆయన లెక్క. నాకు బీమ్స్ వైపే మొగ్గు. ఒక అక్షరం ముక్క కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. నిజమైన చుట్టం జష్‌పూర్ వైపు ఉన్నాడు: కుడుఖ్‌లో ఇదే పనికి ‘గే’ అంటారు. అది ద్రావిడ భాషే, కన్నడం ‘గె’కి దగ్గర.

ఇక మన బడి పుస్తకం. డుమువులు ప్రథమా విభక్తి అంటూ గొంతెత్తి అప్పజెప్పినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: కొఱకున్, కై చతుర్థి, కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠి. ‘రాముడికి ఇచ్చాడు’ అంటే దానం కదా, దానం చతుర్థి కదా, ‘కి’ని తీసుకెళ్లి ‘యొక్క’ పక్కన కూర్చోబెట్టారేమిటని చిన్నప్పుడు నేను గొడవపడ్డాను. సంస్కృతం కొలతలకి తెలుగుని కత్తిరించారని చాలా ఏళ్లు అనుకున్నాను. మా అన్నయ్య కొడుకు చీటీ చదివాక ఆ పట్టిక మళ్లీ తీశాను.

‘రాముడికి ఇద్దరు కొడుకులు.’ ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఉన్నారు, అంతే. హిందీలో ‘రామ్ కే దో బేటే హైఁ’, సంస్కృతంలోనైతే షష్ఠి. ‘నాకు ఒక చెల్లెలు’, ‘ఊరికి ఉత్తరాన’, ‘ఇంటికి తాళం’ – ఇవన్నీ ఇవ్వడానికీ కలిగి ఉండటానికీ నడిమి గట్టు మీద నడిచే వాక్యాలు. ప్రాకృతంలో చతుర్థి స్థానంలోకి షష్ఠి వస్తుందని వరరుచి ఏనాడో సూత్రం రాశాడు. మన వ్యాకర్తల ముందు ఆ ప్రాకృత వ్యాకరణాలు ఉన్నాయి. ‘కి’ని షష్ఠిలో పెట్టినవాడు కళ్లు మూసుకుని పెట్టలేదని ఇప్పుడు నా నమ్మకం.

ఆ బడి వ్యాకరణంలోనే ఇంకో చిట్కా ఉంది: ప్రత్యయాన్ని వదిలి దాని ముందున్న మాటను చూడమంటుంది. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది. ఔపవిభక్తికం అంటారు. ‘ఇంటి’ అనగానే ఏదో రాబోతోందని చెవికి తెలిసిపోతుంది. హిందీలోనూ లడకా ‘లడకే’ అయ్యాకే ‘కో’ వస్తుంది. ఛత్తీస్‌గఢీ ‘లయికా’ దేనికీ చలించడు. ‘అమ్మ’ కూడా అంతే, మారదు. పిల్లాడికి ఆనవాలు దొరకనిది అందుకే. అదే చీటీ మీద ‘ఇంటికి తాళం’ అని ఉంటే హిందీ దారి పట్టేవాడు కాదు.

ఇదంతా వాడికి చెప్పాను, కొంత విన్నాడు. మన ‘కి’ హిందీలో చాలాచోట్ల ‘కో’ అవుతుందని మాత్రం బాగా పట్టుకున్నాడు. సాయంత్రం అత్తకి తెలుగులో తనే మెసేజ్ పెడతానని ఫోన్ లాక్కుని, నాలిక బయటపెట్టి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు:

‘నాన్నమ్మకో చీర నచ్చింది.’

అయిదు నిమిషాల్లో అప్ప ఫోన్ చేసింది. “రెండిట్లో ఏది నచ్చిందిరా?”